వెలుగును ఎటు నిలబడి కొలవాలి?

టార్చిలైటు కొనడానికి అంగడికి వెళ్లినవాడు సాధారణంగా రెండు పనులు చేస్తాడు. మొదట దానిని వెలిగించి తన అరచేతి మీద వేసుకొని చూస్తాడు. ఆ తరువాత దాని మూతిలోకి తొంగిచూస్తాడు. అరచేతి మీద పడినప్పుడు ‘ఫరవాలేదు’ అనిపించిన దీపమే కంటిలో పడేసరికి ‘అబ్బో’ అనిపిస్తుంది. దీపం మారలేదు, సెల్లులు మారలేదు. చూచే చోటు మాత్రమే మారినది. ఇంత చిన్న సంగతిని గురించి ఒక తెలుగు ఉపన్యాసకుడు కళాశాల వార్షిక సంచికలో ఇన్ని పుటలు నింపడమేమిటని పాఠకులు అడుగవచ్చు. భౌతికశాస్త్ర శాఖవారు ఉండగా నాకీ జోక్యం ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. కాని ఈ సంగతికీ, మన గేటు ముందున్న రహదారికీ, చీకటి పడే వేళ ఆ రహదారి దాటి అవతలి బస్సు స్టాపుకు పోయే మన విద్యార్థినీ విద్యార్థులకూ దగ్గరి సంబంధమున్నది. గేటు మీద రెండు పెద్ద ఫ్లడ్‌లైట్లు బిగించి వాటిని రోడ్డువైపు తిప్పాలన్న ప్రతిపాదన కమిటీ ముందున్నది. అది సదుద్దేశంతో వచ్చిన ప్రతిపాదన. అయినను, అది మేలు కన్న కీడే ఎక్కువ చేస్తుందని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ముందు టార్చిలైటు సంగతి తేల్చుకోవలసి ఉన్నది.

మన భాషలో వెలుగుకు మాటల కొరత లేదు. వెలుగు, కాంతి, తేజస్సు, జిలుగు, మిరుమిట్లు — ఇవన్నీ ఒకటి కావు. ‘వెలుగు’ అన్నప్పుడు ఇతర వస్తువులను మనకు కనిపింపజేసే దానిని గురించి మాట్లాడుతున్నాము. ‘మిరుమిట్లు’ అన్నప్పుడు అది దీపంలో లేదు, చూచేవాని కంటిలో ఉన్నది. ఉర్దూలో కూడ రోషనీ వేరు, చకాచౌంధ్ వేరు. వీధిలో మాట్లాడుకొనే జనం ఏనాడో గుర్తించిన ఈ భేదాన్నే శాస్త్రజ్ఞులు కొలతలుగా మార్చుకొన్నారు. దీపం నలుదిక్కులా వెదజల్లే మొత్తం వెలుగును లూమెన్లలో కొలుస్తారు. ఒక దిక్కుగా దాని తీవ్రత ఎంతో క్యాండెలాలలో చెబుతారు. ఒక వస్తువు మీదికి వచ్చి పడిన వెలుగు ఎంతో లక్సులలో చెబుతారు. అంగట్లో పెట్టె మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసేది మాత్రం లూమెన్లనే. అమ్మేవానికి కావలసినది పెద్ద అంకె కదా!

ఒక కొవ్వొత్తి సుమారు 12 లూమెన్ల వెలుగునిస్తుంది. మన ఇళ్లలో ఒకప్పుడు గూట్లోనో, తలగడ కిందనో ఉండే రెండు సెల్లుల టార్చి బల్బు కూడ ఇంచుమించు అంతే ఇచ్చేది. ఎవరెడీ వారి జీవన్ సాథీ, అలహాబాదులో షేర్వానీ కుటుంబంవారు తయారుచేసిన జీప్ టార్చి, వాటిలో వేసే నెల్లూరు నిప్పో సెల్లులు పాత తరంవారికి బాగా గుర్తుండే ఉంటాయి. ఇక 40 వాట్ల పాతకాలపు బల్బు ఇచ్చేది 400 లూమెన్ల పైచిలుకు. ఈ లెక్కన ఒక్క బల్బు ముప్పై టార్చీల పెట్టు కావాలి. కాని బల్బు తన వెలుగును అన్ని దిక్కులకూ సమానంగా పంచిపెడుతుంది. ఏ ఒక్క దిక్కుకూ దక్కేది 30 క్యాండెలాలకు కొంచెం ఎక్కువ మాత్రమే. టార్చి అట్లా కాదు. దానిలోని లోహపు గిన్నె ఆ కొవ్వొత్తి పాటి వెలుగును పోగుచేసి ఒక్క వైపుకే తోసివేస్తుంది. ఆ వైపున అది కొన్ని వందల క్యాండెలాలు. అనగా సూటిగా ఎదుట నిలిచినవానికి టార్చి ఆ బల్బుకన్న పది రెట్లు ప్రకాశవంతం. రెండడుగులు పక్కకు జరిగినవానికి అది ఒక లోహపు గొట్టం. గోరంత దీపం కొండంత వెలుగు అన్నది మన సామెత. దీపం కింద చీకటి అన్నదీ మన సామెతే. చిరాగ్ తలే అంధేరా అని ఉర్దూవారూ అదే అన్నారు. రెండు సామెతలూ ఒకే దీపాన్ని గురించి, ఒకే క్షణంలో, నిజం.

ఇంతకన్న విడ్డూరమైన సంగతి ఇంకొకటి ఉన్నది. ఈనాటి ఎల్.ఇ.డి. టార్చీల పెట్టె మీద ‘200 మీటర్లు’ అని ఒక దూరం కూడ వేస్తారు. ఆ దూరాన్ని లెక్కకట్టే పద్ధతిని 2009లో అమెరికాలో ఒక ప్రమాణంగా నిర్ణయించారు. టార్చి వెలుగు పావు లక్సుకు పడిపోయేంత దూరమే ఆ అంకె. పావు లక్సు అంటే ఇంచుమించు నిండు పున్నమి వెన్నెల. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది కనుక, 200 మీటర్ల దాకా పావు లక్సు పంపాలంటే ఆ టార్చి ఎదురు దిక్కులో 10,000 క్యాండెలాలు ఉండవలసినదే. ఇప్పుడు ఇద్దరు మనుషులను ఊహించండి. ఒకడు టార్చి పట్టుకొన్నాడు, రెండవవాడు 200 మీటర్ల దూరంలో ఎదురుగా నిలబడినాడు. పట్టుకొన్నవానికి ఆ దూరాన ఉన్న మనిషి పున్నమి వెన్నెలలో ఉన్నట్లు, అదీ అంత దూరంనుండి, లీలగా కనిపిస్తాడు. ‘ఇది చాలదు, ఇంకా పెద్ద లైటు కావాలి’ అనుకొంటాడు. ఎదుటివాని స్థితి వేరు. పున్నమి చంద్రుడు ఆకాశమంతా పరచి ఇచ్చే వెలుగు మొత్తం ఒక్క చుక్కగా కుదించుకొని అతని కంటిలో గుచ్చుకొంటున్నది. ‘ఆ లైటు దించవయ్యా’ అని అతడు కేకవేస్తాడు. ఇద్దరిలో ఒక్కడూ అబద్ధమాడడం లేదు. టార్చివాని వెలుగు పోయి, వస్తువు మీద పడి, తిరిగి వచ్చి అతని కన్ను చేరాలి. ఎదుటివానికి అది సగం ప్రయాణంలోనే దొరికిపోతుంది.

మేడ్చల్, శామీర్‌పేట వైపు వ్యవసాయ కుటుంబాలనుండి వచ్చిన విద్యార్థులకు ఇది కొత్త కాదు. సేద్యానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుండి వచ్చినది. అంతకు ముందు రాత్రి వంతు కరెంటుకు మోటారు వేయడానికి టార్చి చేత పట్టుకొని బావి దగ్గరికి పోయిన తండ్రులు, తాతలు ఈ ప్రాంతమంతటా ఉన్నారు. పాముకూ పల్లేరుకూ భయపడి అడుగు ముందు అడుగు చూచుకొంటూ నడిచేవానికి తన టార్చి గుడ్డిదిగానే తోచేది. అదే టార్చి పక్క పొలంలో కాపలా ఉన్నవానికి అరమైలు దూరంనుండి నక్షత్రంలా కనిపించేది. గట్టు మీది బర్రె కళ్లు నిప్పుకణికల్లా మెరవడం టార్చి పట్టినవాడే చూడగలడు. పది అడుగుల పక్కన నడిచే తోడువానికి ఆ మెరుపు లేదు. పశువు కంటి వెనుక ఉన్న పొర వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతుంది, ఆ దారిలో నిలబడినవానికే అది దక్కుతుంది. రోడ్ల మీద పొదిగే మెరుపు బిళ్లలు కూడ ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. ఇంగ్లండులో పెర్సీ షా 1934లో పేటెంటు పొందిన సాధనానికి ‘పిల్లికన్ను’ అన్న పేరు ఊరకే రాలేదు. ఈ మాట గుర్తుంచుకొనవలసినదిగా కోరుతున్నాను. దీనితో మనకు మళ్లీ పని ఉన్నది.

కన్ను కూడ నిష్పక్షపాతమైన తూనికరాయి కాదు. వెలుగు రెట్టింపైతే మనకు రెట్టింపుగా కనబడదు. హార్వర్డులో స్టీవెన్స్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1957లో ప్రకటించిన నియమం ప్రకారం, చీకటిలో చూచే ఒక వెలుతురు బిళ్ల కంటికి రెండింతలుగా తోచాలంటే దాని వెలుగును దాదాపు ఎనిమిదింతలు చేయాలి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడడానికి అరగంట పైన పడుతుంది. ఆ అలవాటు చెడడానికి ఒక్క లారీ లైటు చాలు. వయస్సు కూడ లెక్కలోకి వస్తుంది. అరవై ఏళ్లవాని కంటి తెరకు చేరే వెలుగు ఇరవై ఏళ్లవానికి చేరేదానిలో సుమారు మూడో వంతు. కంటిలోని కటకం వయస్సుతో పాటు మసకబారి, ఎదురుగా వచ్చే వెలుగును చెదరగొడుతుంది కూడ. కనుక పెద్దవారికి వెలుగు ఎక్కువ కావాలి, మిరుమిట్లను ఓర్చుకొనే శక్తి మాత్రం తక్కువ. గేటు దగ్గర చీకటిగా ఉన్నదని కమిటీ పెద్దలు అనడంలోనూ, ‘అంత చీకటేమీ లేదు సార్’ అని మన కుర్రవాళ్లు అనడంలోనూ రెండు వైపులా సత్యమున్నది.

చూపు కంటినుండి బయలుదేరి వస్తువును తాకుతుందని యూక్లిడ్, టాలెమీ వంటి గ్రీకు పండితులు నమ్మినారు. మన తెలుగులో ‘చూపు సారించినాడు’, ‘చూపు ప్రసరించినది’ అన్న పలుకుబళ్లలో ఆ ఊహ ఇంకా బ్రతికే ఉన్నది. కాదు, వెలుగే వస్తువునుండి వచ్చి కంటిలో ప్రవేశిస్తుందని గట్టిగా నిరూపించినవాడు ఇబ్న్ అల్-హైసమ్. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి, 1040 ప్రాంతంలో కైరోలో మరణించిన ఈ మహనీయుని ‘కితాబ్ అల్-మనాజిర్’ లాటిన్‌లోకి వెళ్లి, 1572లో ఐరోపాలో అచ్చయి, అక్కడి శాస్త్రానికి పునాదిరాయి అయినది. ఆ గ్రంథం ఏ గణిత సూత్రంతోనో ఆరంభమైనదనుకొంటే పొరపాటు. తీక్ష్ణమైన వెలుగును చూస్తే కన్ను నొప్పిపడుతుందన్న, చిన్నపిల్లవానికి కూడ తెలిసిన అనుభవమే ఆయన తొలి సాక్ష్యాలలో ఒకటి. కన్ను నొప్పిపడినదంటే వెలుగు కన్నును తాకినదన్నమాట. పగటివేళ నక్షత్రాలు ఎందుకు కనిపించవన్నది కూడ ఆయన విచారించినాడు. నక్షత్రం ఆరిపోలేదు, చుట్టూ ఉన్న వెలుగు దానిని మింగివేసినది. మన విద్యార్థులు ఆయన పేరును క్విజ్ పోటీలకోసం బట్టీ పట్టడం నేనెరుగుదును. ఆ నొప్పి వాదాన్ని కూడ చదివితే బాగుండును.

ఎందుకంటే, హెడ్‌లైటు వేసి బండి నడిపే మన సోదరులు చాలామంది ఇంకా యూక్లిడ్ శిష్యులే. తమ చూపు తమ లైటుతో పాటే బయలుదేరి ముందుకు పోతున్నదనుకొంటారు. ఎదుటివాడు వారి లెక్కలో లేడు. మన చట్టం మాత్రం ఇబ్న్ అల్-హైసమ్ పక్షాన ఉన్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 106వ నియమం చూడండి. లైటునుండి 8 మీటర్ల దూరంలో, లైటు కుడి అంచునుండి అర మీటరు కుడికి, నేలనుండి ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఒక మనిషి కన్ను ఉన్నదనుకొని, ఆ కన్ను మిరుమిట్లు గొనకుండా కిరణం కిందికి వంగి ఉండాలని ఆ నియమం శాసిస్తుంది. బండి నడిపేవానికి ఎంత కనబడుతున్నదని అది అడుగలేదు. ఎదురుగా వచ్చే, పేరు తెలియని మనిషి కంటిలో నిలబడి కొలవమన్నది. ఇంత మర్యాద గల వాక్యం మన శాసనాలలో తరచుగా కనిపించదు. దానిని పాటించేవారు రాత్రిపూట ఈ రోడ్డు మీద ఎందరున్నారో గేటు దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది.

ఇక మన రోడ్డు సంగతి. పేట్ బషీరాబాద్ మీదుగా కొంపల్లి, మేడ్చల్ దాటి నాగపూర్‌కు పోయే ఈ దారి ఒకప్పుడు 7వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చినప్పుడు 44వ నంబరు అయినది. ఒకనాడు రెండు వైపులా ద్రాక్ష తోటలుండిన దారి ఇది. ఇప్పుడు లారీలు, ఉత్తరాది బస్సులు, కార్ల వరుసలు. డిసెంబరు నెలలో సూర్యుడు ఆరు గంటలకు ముందే అస్తమిస్తాడు. మగ్రిబ్ నమాజు ముగించి బయటికి వచ్చేసరికి అది సరిగ్గా మసక చీకటి వేళ. ఆకాశంలో వెలుగు ఇంకా ఉన్నట్లే ఉంటుంది. నేల మీద ఉండదు.

ఈ వేళలో గేటు మీదినుండి రెండు ఫ్లడ్‌లైట్లు రోడ్డువైపు వెలిగితే ఏమవుతుంది? గేటు లోపలినుండి చూచేవారికి రోడ్డు పట్టపగలులా ఉంటుంది. చూచినవారందరూ మెచ్చుకొంటారు. లారీ డ్రైవరు స్థానంనుండి చూడండి. అతని కంటికి పక్కనుండి రెండు మండే గోళాలు ఎదురవుతాయి. అతని కన్ను వాటికి అలవాటు పడుతుంది, వాటి అవతల ఉన్నదంతా నల్లబడుతుంది. దాటిపోయిన తరువాత తేరుకోవడానికి మూడు సెకండ్లే పట్టినదనుకొందాము. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆ మూడు సెకండ్లలో 50 మీటర్లు కదులుతుంది. ఆ 50 మీటర్లలోనే మన పిల్లలు బస్సు కోసం నిలబడతారు. వాన కురిసిన రాత్రి సంగతి మరీ అన్యాయం. తడిసిన తారురోడ్డు అద్దంలా పనిచేసి, బండి సొంత లైటును ముందుకే జారవిడిచి, నడిపేవానికి నల్లని రోడ్డును మిగుల్చుతుంది. ఎదుటి లైట్లను మాత్రం రెండింతలు చేసి అతని కంటిలోకి విసురుతుంది.

‘వెలుగు ఎక్కువైతే నష్టమేమిటి? దొంగలకైనా భయముంటుంది, కళాశాల పేరైనా దూరంనుండి కనబడుతుంది’ అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. ఆ మాటలో రెండవ భాగంతో నాకు తగవు లేదు. బోర్డుకు ప్రత్యేకంగా ఒక చిన్న దీపం పెట్టుకొనవచ్చును. మొదటి భాగాన్ని గురించి మన రాత్రి వాచ్‌మన్‌ను అడిగాను. ‘లైటు పడ్డంతమేర మంచిగనే కనబడుతది సాబ్. దాని అవతల ఎవరన్న నిలబడితే నాకు కనబడరు, వాళ్లకు నేను కనబడ్త’ అన్నాడు. నేను పైన ఇన్ని పేరాలలో చెప్పినదంతా అతడు ఒక్క ముక్కలో తేల్చివేసినాడు.

పాత ఇళ్ల గోడలలో దీపానికి గూడు ఉండేది. ఉర్దూలో తాక్ అంటాము. ఖురాన్‌లోని నూర్ సూరాలో దైవకాంతిని పోల్చినది కూడ గూట్లో పెట్టిన దీపంతోనే. పెద్ద అర్థాలు ఉలేమాలు చెబుతారు. నేను చెప్పదలచినది తాపీ పనివానికి తెలిసిన సంగతి. గూడు దీపానికి గాలినుండి రక్షణ. వెనుక గోడ వెలుగును గదిలోకి తిప్పుతుంది. పక్కన కూర్చొన్నవాని కంటికి మంట నేరుగా తగలదు. గేటు దీపానికి కూడ మనకు కావలసినది ఇట్టి గూడే. రోడ్డువైపు చూచే ఫ్లడ్‌లైట్లకు బదులు, పిల్లలు దాటే చోట స్తంభం మీద, పైన కప్పు గలిగి, మూతి నేలవైపు వంచిన దీపాలు పెట్టించాలి. బండ్లు వచ్చే వైపునుండి దాటేవాని మీద వెలుగు పడేటట్లు వాటిని అమర్చాలి. వెనుకనుండి పడితే డ్రైవరుకు మనిషి కనిపించడు, నీడ కనిపిస్తుంది. రహదారి మీద స్తంభం నిలపాలంటే సంబంధిత అధికారుల అనుమతి కావాలి. అందుకు తిరగడం ఫ్లడ్‌లైట్లు కొనడమంత సులభం కాదన్నది నిజమే. అయినా తిరగవలసినదే.

విద్యార్థులతో కూడ ఒక మాట. బండి లైట్లు మీకు స్పష్టంగా కనిపిస్తున్నాయి కనుక మీరు కూడ ఆ డ్రైవరుకు అంతే స్పష్టంగా కనిపిస్తున్నారని అనుకొంటున్నారు. రోడ్డు దాటే దాదాపు ప్రతివాడూ అట్లాగే అనుకొంటాడు. అది నిజం కాదు. ముఖ్యంగా మన విద్యార్థినులలో చాలామంది నల్లని బురఖా ధరిస్తారు. తెల్లని బట్ట తన మీద పడిన వెలుగులో అధికభాగాన్ని తిప్పి పంపుతుంది. నల్లని బట్ట నూటికి ఐదు పాళ్లు పంపడం కూడ కష్టం. ఈ కారణంగా బురఖాను విమర్శించడానికి ఎవరికీ అధికారం లేదు. నల్లకోటు వేసుకొన్న వకీలుకూ, నల్లని స్వెటరు వేసుకొన్న కుర్రవానికీ రోడ్డు మీద అదే గతి. చేయవలసిన పని చిన్నది. సైకిళ్లకూ లారీలకూ అతికించే, వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపే పట్టీ జానెడు ముక్క పుస్తకాల సంచికి ముందొకటి, వెనుకొకటి కుట్టించుకొంటే చాలు. బురఖా రంగు మారదు, పద్ధతి మారదు.

కిందటి నెలలో ఒక తరగతిలో ఈ పట్టీని చూపినప్పుడు వెనుక బెంచీనుండి వెంటనే ఆక్షేపణ వచ్చినది: ‘సార్, ఇది మెరవడమే లేదు, బూడిదరంగు గుడ్డలా ఉన్నది.’ ట్యూబులైట్ల కింద, పక్కనుండి చూస్తే అది బూడిదరంగు గుడ్డే. బర్రె కళ్ల సంగతి జ్ఞాపకం చేసుకొనండి. టార్చిని మీ కణతకు ఆనించి పట్టుకొని, ఇరవై అడుగుల దూరంనుండి చీకటిలో ఆ పట్టీ మీద వేసి చూడండి. పక్కన ఉన్న స్నేహితునికి ఏమీ కనబడకపోవచ్చును. కాని హెడ్‌లైటు వెనుక కూర్చొన్న డ్రైవరు కన్ను మీ కణత దగ్గరి కన్ను వంటిదే.

కమిటీవారికి నా విన్నపం ఇది. ఫ్లడ్‌లైట్లకు డబ్బు మంజూరు చేయడానికి ముందు, ఏదో ఒక శుక్రవారం మగ్రిబ్ తరువాత సభ్యులందరూ రోడ్డు అవతలి వైపు బస్సు స్టాపు దగ్గర పదిహేను నిమిషాలు నిలబడి గేటువైపు చూడాలి. అద్దెకు ఒక ఫ్లడ్‌లైటు తెచ్చి గేటు మీద వెలిగించే ఏర్పాటు నేను చేస్తాను. నల్లని బట్టలు ధరించిన ఒకరు, పట్టీ కుట్టిన సంచితో ఇంకొకరు గేటు ముందు, రోడ్డు దిగకుండా నిలబడతారు. ఆ లైటు వెలిగి ఉండగా ఒకసారి, ఆర్పి ఇంకొకసారి చూచి, ఆ తరువాత తీర్మానం వ్రాసుకొనండి. రోడ్డు అవతలికి పగలు వెలుతురుండగానే, అందరూ కలిసి దాటడం మంచిది.